తొమ్మిదో ఫారం, పదో ఫారం

నేను ఏడో తరగతి వరకే చదివాను. అదీ పల్లెటూరి బడిలో. ఒకే గది, ఒకే మాస్టారు. ఆయన నా చేత నోటుపుస్తకం కుట్టించి, తిప్పి తిప్పి చూసి, "నా కుట్టు కంటే నీ కుట్టే బాగుందిరా" అన్నారు. అది నా మొదటి సర్టిఫికెట్టు. తరవాత యూనివర్సిటీ ప్రెస్సులో, బైండింగ్ విభాగంలో నలభై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. చివరి పద్దెనిమిదేళ్ళు ఫోర్మన్‌ని. పన్నెండు వందల పేజీల నిఘంటువును ఒక్క మడత లేవకుండా కట్టింది నేను. నీళ్ళలో నానిపోయిన ఆసుపత్రి రిజిస్టర్లు మూడు వందల నలభై వస్తే, ఆకు ఆకూ విడదీసి ఆరబెట్టి బతికించింది నేను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పదకొండు మంది. అందులో నలుగురు సొంత షాపులు పెట్టుకున్నారు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ చేతులు ఎలాంటివో తెలియకపోతే చెప్పబోయే సంగతి బరువు మీకు అందదు.

రాయమన్నది మాత్రం మా మేనకోడలి గురించి. ప్రెస్సు ఉద్యోగుల సంచికలో వేస్తారట.

ఆమె మా అక్క కూతురు. ప్రెస్సులో అందరూ 'చీమ' అంటారు. తనకంటే పెద్ద కాగితాల కట్టను ఎత్తుకుని, ఎవరి సాయమూ అడక్కుండా, గోడవారగా నడిచివెళ్ళేది. ఆ పేరు పెట్టింది కటింగ్ మిషన్ మీద పనిచేసే మనిషి. ఆయన్ని మేం 'కత్తి' అంటాం. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో ఒకటి ఆ పేరుకి ఖర్చు పెట్టాడు.

చీమ ఇంటర్ కాగానే మడత బల్ల దగ్గర చేరింది. తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. పుస్తకం పేజీలు పేజీలుగా అచ్చు కాదు. ఒక పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని మూడుసార్లు మడిస్తే ఒక ఫారం. ఫారాలన్నీ వరసగా ఏరి, చూసి, కుడితే పుస్తకం. మడత బల్ల దగ్గర కూర్చున్న మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే ఫారం మడుస్తుంది. అంటే కథలో ఆ పదహారు పేజీలే తన కళ్ళ ముందు ఉంటాయి. ముందేం జరిగిందో తెలియదు, తరవాతేం జరిగిందో తెలియదు.

చేరిన రెండో వారంలో ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మావయ్యా, ఆ చేప మళ్ళీ అమ్మాయి అయిందా?"

"ఏ చేప?"

"నాలుగో ఫారంలో అమ్మాయి చేప అయిపోయింది. నది దానికి రాజ్యం ఇస్తానంది. ఐదో ఫారం అటు బల్లకి వెళ్ళిపోయింది. తిరిగి మనిషయిందా, లేదా?"

"నీ మడతలు తిన్నగా ఉన్నాయా లేదా, అది చూసుకో ముందు."

"తిన్నగానే ఉన్నాయి. చేప సంగతి చెప్పు."

నాకు తెలిస్తే కదా చెప్పడానికి. ఆ సాయంత్రం పని దిగాక అటు బల్ల దగ్గర నిలబడే ఐదో ఫారం చదువుకుని ఇంటికి వెళ్ళింది. ఆమె పరిశోధన మొదలైంది ఆ రోజే అని నేనంటాను. ఆమె గైడు మేడమ్ మాత్రం రిజిస్ట్రేషన్ తేదీ చెబుతుంది. ఎవరి లెక్క వాళ్ళది.

పని మానకుండానే దూరవిద్యలో డిగ్రీ చదివింది. ఎం.ఏ. చదివింది, ఫస్టు క్లాసు. మా రెండు కుటుంబాల్లో ఎం.ఏ. అన్న రెండక్షరాలు పేరు పక్కన పెట్టుకున్న మొదటి మనిషి. అప్పటికి మడత బల్ల నుంచి ఫారాలు సరిచూసే బల్లకి వచ్చింది. ఆమె చూసి 'సరే' అన్న పుస్తకం ఒక్కటీ వెనక్కి రాలేదు. తరవాత పార్ట్‌టైమ్‌గా పిహెచ్.డి.కి చేరింది. విషయం ఏంటని అడిగాను.

"కల్పిత లోకాల నవలలు. మంత్రాల కథలు, వేరే గ్రహాల కథలు. వాటిలో మనిషి రూపం మారుతుంది కదా. మారాక వాడు పాతవాడేనా? వాడికి అధికారం ఎక్కడ నుంచి వచ్చింది? అదీ నేను చదివేది."

మా బావ, అంటే వాళ్ళ నాన్న, పక్కనే ఉన్నాడు. "దెయ్యాల కథలకి కూడా డాక్టర్లుంటారటే?" అన్నాడు.

"దెయ్యాలకి లేరు నాన్నా. దెయ్యమైపోయాక మాట చెల్లించుకునేవాళ్ళకి ఉన్నారు."

తరవాత నా వైపు తిరిగింది. "మావయ్యా, నువ్వు ఫోర్మన్ అయినప్పుడు ఖాకీ కోటు ఇచ్చారు కదా. కోటు వేసుకున్నాక నీ మాట విన్నారా, అంతకు ముందే వినేవాళ్ళా?"

"ముందే వినేవాళ్ళు. నా పని చూసి విన్నారు."

"మరి కోటు ఎందుకు?"

"కొత్తవాళ్ళకి తెలియాలిగా!"

"అదే నా రెండో అధ్యాయం" అంది.

నవ్వులాటకి అందనుకున్నాను. నిజంగానే రాసింది. పేరు లేకుండా 'ఒక పనిశాలలో ఒక ఫోర్మన్' అని నా కోటు రెండో అధ్యాయంలో ఉంది.

నాలుగో అధ్యాయమే ఆమెకి ప్రాణం. అది ఒక పాత నవల గురించి. రాసినాయన పోయి చాలా కాలమైంది, పుస్తకం మళ్ళీ అచ్చు కాలేదు. మా గ్రంథాలయంలో ఉన్నది ఒకే ఒక్క కాపీ. కథ ఇది. ఒక దుబాసీ ఆవిడ వేరే గ్రహానికి వెళుతుంది. అక్కడివాళ్ళ మాట వీళ్ళకీ, వీళ్ళ మాట వాళ్ళకీ చెప్పడం పని. కొన్నాళ్ళకి వాళ్ళు తమ రాజముద్ర ఆమె చేతిలో పెడతారు. తరవాత ఆమె తన ఒళ్ళు వదిలేసి వాళ్ళలాంటి ఒళ్ళు తీసుకుంటుంది, ఇక తిరిగి రాదు. చీమ వాదన ఏంటంటే, ఈ ఒక్క నవలలోనే అధికారం ముందు వచ్చింది, రూపం తరవాత మారింది. పరాయి ముఖంతో ఉండగానే వాళ్ళు ఆమెను నమ్మారు. కాబట్టి ఆమె మారింది గద్దె కోసం కాదు, వాళ్ళ మీద ప్రేమతో. పైగా ఆ భాగంలో మూడు చోట్ల వాక్యాలు మధ్యలో తెగిపోయి వేరే మాటతో మొదలవుతాయి. 'రూపం మారే మనిషి భాష కూడా ఇలా తెగుతుంది' అని వాటి మీదే ఆరు పేజీలు రాసింది. గైడు మేడమ్ కూడా అదే కాపీ చదివి, "ఈ ఆరు పేజీల కోసం డిగ్రీ ఇవ్వొచ్చు" అందట.

ఏడేళ్ళు గడిచాయి. రెండుసార్లు గడువు పెంచారు, మూడోసారి పెంచరు. థీసిస్ ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా చివరి సెమినారు పెట్టారు. నేను సెలవు పెట్టి, కోటు ఇస్త్రీ చేయించుకుని, వెనక బెంచీలో కూర్చున్నాను. మా చీమ మైకు లేకుండా మాట్లాడింది, ఆఖరి వరస దాకా వినిపించింది.

వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందు వరసలో ఉన్నాడు. అంతా విని నెమ్మదిగా లేచాడు.

"అమ్మా, చాలా బాగా చెప్పావు. ఆ తెగిపోయిన వాక్యాలు ఎక్కడున్నాయి? మా ఇంట్లో ఆ నవల ఉంది. నాలుగైదుసార్లు చదివాను. అందులో ఒక్క వాక్యం కూడా తెగలేదు."

ఆయన ఇంకా కూర్చోలేదు.

"ఇంకొకటి. నా పుస్తకంలో ఆమె ముందు ఒళ్ళు మార్చుకుంటుంది. తరవాతే ముద్ర చేతికొస్తుంది. తమలో ఒకతె అనుకుని ఇస్తారు."

చీమ పుస్తకం తెరిచి చూసింది. పేజీ అంకెలు చెప్పమన్నాడాయన. అంకెలు లేవు. అడుగు అంచు నున్నగా కోసేసి ఉంది. ఆమె తలెత్తి, ఎవరి వైపూ చూడకుండా, నేరుగా వెనక బెంచీ వైపు చూసింది.

సెమినారు గది నుంచి చీమ నేరుగా ప్రెస్సుకి నడిచింది. బైండింగ్ గదిలోకి రాగానే పుస్తకం నా బల్ల మీద పెట్టింది.

"విప్పు మావయ్యా."

"ఆయన పుస్తకమే తప్పు అయ్యుంటుంది. ఇది నేను కట్టింది. నలభై ఏళ్ళలో నా చేతిలో ఫారం తారుమారు అవలేదు."

"అందుకే నిన్నే విప్పమంటున్నా."

అట్ట ఊడదీశాను. వెన్ను మీద ఉన్న గుడ్డ తడిపి లాగాను. జిగురు వదిలింది. చివర్లో వేసిన ముడి నాదే. ఎడమచేతి ముడి, ఇంకెవరూ వెయ్యరు. ప్రతి ఫారం వెన్ను మీదా ఒక చిన్న నల్ల గీత అచ్చు వేస్తారు, ఒక్కో ఫారానికీ కొంచెం కిందికి జరిపి. అన్నీ వరసలో ఉంటే గీతలు మెట్లు దిగినట్టు ఉంటాయి. పైనుంచి వేలు పెట్టి దిగుతూ వచ్చాను. ఎనిమిది మెట్లు దిగాక నా వేలు రెండు మెట్లు కిందికి పడి, ఒక మెట్టు పైకి ఎక్కింది.

పదో ఫారం ముందు. తొమ్మిదో ఫారం వెనక.

పక్కన కత్తి నిలబడి ఉన్నాడు. "అంకెలు పోతాయన్నా అని అప్పుడే చెప్పాను" అన్నాడు. నిజమే, చెప్పాడు. అంతా గుర్తొచ్చింది. తిరిగి కట్టడానికి గ్రంథాలయం నుంచి ఆ పుస్తకం అంచులు పురుగు తినేసి వచ్చింది. శుభ్రంగా కనబడాలని గోరంత ఎక్కువ కోయించాను. ఆ రెండు ఫారాలూ మరీ చితికిపోయాయి. ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే పల్చటి కాగితం అంటించి, బరువు కింద ఆరబెట్టి, నేనే తీసి వరసలో పెట్టాను. సరిచూసే బల్ల మీద అప్పుడు చీమే ఉంది. "చూడమంటావా మావయ్యా?" అని అడిగింది. "నా చేతి పనిని నువ్వు చూసేదేంటే" అన్నాను.

ఆ మాట ఇద్దరికీ గుర్తుంది. ఆమె పైకి అనలేదు. అంటే బాగుండేది.

గైడు మేడమ్ ఫోన్ చేసింది. నాలుగో అధ్యాయం తీసెయ్యమంది. తీసేస్తే మిగిలింది సరిపోదని ఆమే అంది. రిజిస్ట్రేషన్ వదిలేసి కొత్తగా చేరితే ఇంకో నాలుగేళ్ళు.

"నాలుగేళ్ళు ఎందుకు మేడమ్? తొమ్మిది రోజులున్నాయి" అంది చీమ.

ఫోన్ పెట్టేశాక నేను కూలబడ్డాను. "నీ ఏడేళ్ళు నా చేతులతో..." అంటున్నాను.

"మావయ్యా, ఏడవాలంటే పదో రోజు ఏడుద్దాం. ఇద్దరం కలిసి కూర్చుని ఏడుద్దాం. ఇప్పుడు ఫారాలు వరసలో పెట్టి ఇవ్వు. కుట్టకు. విడిగా కావాలి."

విడి ఫారాలు అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళింది. రెండు రోజులు చదివింది. మూడో రోజు మధ్యాహ్నం భోజనం వేళకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్ళు పీక్కుపోయాయి గానీ మాట గట్టిగా ఉంది.

"విను. తప్పు వరసలో చదివినప్పుడు ఆ దుబాసీని ప్రేమించాను. సరైన వరసలో చదివితే మోసగత్తెలా కనబడింది. కానీ ఆమె చేసిన పనులు అవే. మాటలు అవే. ముద్ర పుచ్చుకునే ఆ పదహారు పేజీల్లో ఆమె ముఖం గురించి ఒక్క ముక్క లేదు. అంతా 'నేను, నేను' అనే ఉంటుంది. ముఖం నేనే ఊహించుకున్నాను. ఒకసారి పాత ముఖం, ఒకసారి కొత్త ముఖం. అంటే ఆమె ఎవరన్నది తేల్చింది ఆమె ఒళ్ళు కాదు, రాజముద్ర కాదు. నాకు ఏది ముందు చెప్పారన్నది. ఎవరైతే వరస పెడతారో అసలు అధికారం వాళ్ళది."

"వరస పెట్టింది నేనే" అన్నాను.

"అవును. అందుకే నువ్వు నాకు ఒక కాగితం రాసివ్వాలి."

"ఏం కాగితం?"

"ఈ పుస్తకంలో తొమ్మిది, పది ఫారాలు నేను తారుమారు చేశాను, అంకెలు పోయేలా కోయించాను, సరిచూడనివ్వలేదు. కింద సంతకం. థీసిస్ చివర అనుబంధంగా పెడతాను. అది లేకపోతే నేను కథ అల్లానంటారు."

"నీ థీసిస్ అచ్చులో, శాశ్వతంగా?"

"శాశ్వతంగా."

నలభై ఒక్క సంవత్సరాలు. రిటైర్‌మెంటుకి ఇంకా ఐదు నెలలు. వీడ్కోలు సభలో చెప్పుకోడానికి ఒక్క మాటే దాచుకున్నాను: నా చేతిలో ఒక్క ఫారం తప్పలేదని. "ప్రెస్సులో ఎవరో పొరపాటు చేశారని రాస్తే సరిపోదా?" అన్నాను.

"ఎవరో అంటే ఎవరు? కత్తిబాబాయా? నేనా? సరిచూసే బల్ల మీద ఉన్నది నేను. నువ్వు రాయకపోతే ఆ తప్పు నా ఖాతాలో పడుతుంది."

ఈ ముక్క విని తెల్లకాగితాలు తీసుకున్నాను. ఇంటికి వెళ్ళి రాయడం మొదలుపెట్టాను. మొదటిది రెండు పేజీలు వచ్చింది. చీమ చదివి, నిఘంటువూ ఆసుపత్రి రిజిస్టర్లూ ఉన్న ఒకటిన్నర పేజీ కొట్టేసింది. "ఇది సన్మానపత్రం కాదు మావయ్యా." రెండోదాంట్లో తప్పు పురుగులదని వచ్చింది. అదీ కొట్టేసింది. మూడోది పుస్తకం పేరు లేకుండా రాశాను. నాలుగోది ఏడు వరసలు. అందులో అన్నీ ఉన్నాయి. కింద సంతకం ఒక్కటే పెట్టాను, హోదా రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

"ఫోర్మన్ అని రాయి" అంది.

"ఎందుకే? ఇంకా పరువు తీయడానికా?"

"లేకపోతే నమ్మరు. కోటు కొత్తవాళ్ళ కోసమని నువ్వే చెప్పావు."

రాశాను. మా ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని అంతా వింటోంది. "పెళ్ళయిన దగ్గర్నుంచి నా దగ్గర ఒక్క తప్పు ఒప్పుకున్న మనిషి కాదు. యూనివర్సిటీకి రాసిచ్చాడు! చీమా, నాకో జిరాక్సు తీసివ్వవే, పటం కట్టించుకుంటాను" అంది. ఆ పుస్తకం విప్పినప్పటి నుంచి మొదటిసారి నాకూ నవ్వొచ్చింది.

అధ్యాయం ఎనిమిదో రోజుకి పూర్తయింది. తెగిన వాక్యాల మీద రాసిన ఆరు పేజీలూ చింపెయ్యలేదు. అలాగే ఉంచి, 'ఇది నేను నమ్మింది' అని పైన రాసి, 'ఇందుకు నమ్మాను' అని కింద కొత్తది రాసింది. గైడు మేడమ్ చదివి, "పాతదాని కంటే ఇది గట్టిగా ఉంది. ఎవరైనా అడిగితే ముందునుంచీ నా సలహా ఇదేనంటాను" అందట. అనుకోనివ్వండి.

తొమ్మిదో రోజు సాయంత్రం ఐదింటికి ఆఫీసు కిటికీ మూస్తారు. పొద్దున్న పదింటికి ఐదు కాపీల కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఒక్కొక్కటి మూడు వందల పన్నెండు ఆకులు. ప్రెస్సులో అంతా నా వైపే చూస్తున్నారు. మొదటి కాపీ సర్ది, అంచులు తట్టి, సూది తీశాను. మళ్ళీ సూది కింద పెట్టి, కట్ట ఎత్తి ఆమె బల్ల మీద పెట్టాను.

"చూడు" అన్నాను.

ఆమె కూర్చుని, బొటనవేలితో ఆకులు జారుస్తూ అంకెలు చదువుకుంటూ వెళ్ళింది. "సరే." రెండోది సరే. మూడోది సరే. నాలుగోదాంట్లో ఆగింది. రెండు వందల ఆరో ఆకు తలకిందులుగా ఉంది. తిప్పి పెట్టి, నా వైపు చూసింది. అది జిరాక్సు షాపువాడి పని, నాది కాదు. ఇది మాత్రం రాసి తీరాలి.

కోత దగ్గర కత్తి నా ముఖంలోకి చూసి, "ఎంత?" అన్నాడు.

"అంకె కనబడాలి. అంతే."

నాలుగు గంటల ఇరవై నిమిషాలకి ఐదో కాపీ అట్టకి బంగారు అక్షరాలు దిగాయి. జిగురు ఇంకా కొంచెం పచ్చిగానే ఉంది. ఐదు కాపీలూ చీమే గుండెకి ఆనించి ఎత్తుకుంది. సాయం పడతానంటే వద్దంది. గోడవారగా, మొదటి రోజు నడిచినట్టే నడిచి, వీధి దాటి, పదిహేను నిమిషాలు మిగిలుండగా కిటికీలో పెట్టి రసీదు తెచ్చింది.

మర్నాడు, పదో రోజు, ఏడుద్దామా అని అడిగాను. ఫారాలు చూడాల్సినవి చాలా ఉన్నాయంది.

నాలుగు నెలలకి మౌఖిక పరీక్ష. మళ్ళీ వెనక బెంచీ, మళ్ళీ కోటు. పరీక్షకుడిగా వచ్చింది ఆ పెద్దాయనే. గంటన్నర అడిగాడు. చేప గురించి, దుబాసీ గురించి, ఖాకీ కోటు గురించి. చివరికి అనుబంధం పేజీ తీసి నా ఏడు వరసలూ పైకి చదివాడు, సంతకంతో సహా. తలలు వెనక్కి తిరిగాయి. నేను తల దించుకోలేదు.

ఆయన థీసిస్ మూసి, వెన్ను మీద చెయ్యి వేసి నవ్వాడు. "ఇదీ ఆయనే కట్టారటగా. మరి ఈ కాపీలో వరస సరిగ్గా ఉందని నమ్మకం ఏంటమ్మా?"

"నేను చూశానండి" అంది మా చీమ.

"ఆయన చూడనిచ్చారా?"

"ఆయనే ఇచ్చారు."